రైతుకు అక్కరకు వచ్చు నాలుగు నీటి లెక్కలు

కృష్ణా డెల్టాలో కాలువ శివారున రెండెకరముల భూమి గల రైతు ఒకడు, మురుగు కాలువ నుండి నీరు తోడుకొనుటకు ఇంజను కొనదలచి విజయవాడ వచ్చినాడనుకొందము. వన్ టౌనులో ఇంటికి కావలసిన సరకులు కొని, పిమ్మట ఇంజనుల దుకాణమునకు పోవును. "ఎన్ని హార్సు పవరు కావలెను?" అని దుకాణదారుడు అడుగును. "రెండెకరములు తడియవలెను" అని రైతు చెప్పును. ప్రక్కనున్న వారిలో ఒకరు మూడు చాలునందురు. ఒకరు అయిదు లేనిదే పని జరుగదందురు. పదయితే దిగులుండదని మరియొకరందురు. ఎవరి మాట వినవలెను?

ఈ ప్రశ్నకు జవాబు దుకాణములో లేదు. అది రైతు పొలములోనే ఉన్నది. నీరు ఎంత కావలెను, ఎంత ఎత్తునకు తోడవలెను, ఎన్ని గంటలలో తోడవలెను అను మూడు అంకెలు తెలిసిన రైతు, తనకు కావలసిన ఇంజనును తానే లెక్క వేసికొనగలడు. కూడిక, గుణకారము, భాగహారము వచ్చిన చాలును. భౌతిక శాస్త్రమన్న పేరు విని వెనుదీయ నక్కరలేదు. నీరు పారుట, గట్టును నెట్టుట, బరువు తూగుట, పైకి లేచుట అనువానిని గురించిన నాలుగు చిన్న సూత్రములను ఇచ్చట వివరింతుము.

లెక్క చేయు పద్ధతి

ఏ లెక్కకైనను ఈ అయిదు మెట్లు వరుసగా ఎక్కవలెను.

1. తెలిసిన అంకెలను కాగితముపై వ్రాయవలెను.
2. కనుగొనవలసినది ఏదో వ్రాయవలెను.
3. కొలతలన్నిటిని ఒకే మానములోనికి మార్చవలెను.
4. తగిన సూత్రములో అంకెలను వేసి లెక్క కట్టవలెను.
5. వచ్చిన జవాబు అనుభవమునకు సరిపోవునా అని చూచుకొనవలెను.

వీనిలో మూడవ మెట్టు దగ్గర జారిపడువారే ఎక్కువ. మన దేశములో మెట్రిక్ కొలతలకు 1956లో చట్టము వచ్చినది. అయినను నేటికిని కాలువ నీటిని అడుగులలోను క్యూసెక్కులలోను చెప్పుకొనుచున్నాము. పంపు రేకుమీద మీటర్లు, లీటర్లు ఉండును. కావున ఈ క్రింది మార్పులను గుర్తుంచుకొనవలెను.

ఒక లీటరు నీటి బరువు 1 కిలోగ్రాము.
ఒక ఘనమీటరు నీరు 1,000 లీటర్లు. దాని బరువు ఒక టన్ను.
ఒక క్యూసెక్కు అనగా సెకండుకు ఒక ఘనపుటడుగు నీరు. అది సెకండుకు 28.3 లీటర్లు.
ఒక ఎకరమున అంగుళము లోతు నిలుచు నీరు 3,630 ఘనపుటడుగులు, అనగా సుమారు 1,02,800 లీటర్లు. దీనిని ఎకరపుటంగుళము అందురు.

మొదటి లెక్క: బోదెలో ఎంత నీరు పారుచున్నది?

సూత్రము: నీరు = వెడల్పు × లోతు × వేగము.

బోదె తిన్నగా, ఒకే వెడల్పుగా ఉన్నచోట 30 అడుగులు కొలిచి రెండు పుల్లలు నాటవలెను. పై పుల్లకు కొంచెము ఎగువన ఒక ఎండు కొబ్బరి డిప్పనో, బెండు ముక్కనో నీటిలో వదలి, మొదటి పుల్ల నుండి రెండవ పుల్లకు చేరుటకు ఎన్ని సెకండ్లు పట్టినదో గడియారములో చూడవలెను. ఇట్లు మూడుమార్లు చేసి సరాసరి తీసికొనవలెను. నీరు పైభాగమున వేగముగాను, అడుగున మన్ను రాసికొనుటచే నెమ్మదిగాను పారును. అందుచే పైవేగమును 0.8తో హెచ్చవేసి సగటు వేగముగా గ్రహింపవలెను.

ఉదాహరణ: బోదె వెడల్పు 2 అడుగులు, లోతు 9 అంగుళములు. డిప్ప 30 అడుగులు పోవుటకు 20 సెకండ్లు పట్టినది.

9 అంగుళములు = 0.75 అడుగు.
పైవేగము = 30 ÷ 20 = సెకండుకు 1.5 అడుగులు.
సగటు వేగము = 1.5 × 0.8 = 1.2 అడుగులు.
నీరు = 2 × 0.75 × 1.2 = 1.8 క్యూసెక్కులు.

తొందరపాటున 9 అంగుళములను అడుగులుగా మార్చక అట్లే వేసినచో 21.6 క్యూసెక్కులని వచ్చును. రెండడుగుల బోదెలో అంత నీరు పారదని రైతుకు చూడగనే తెలియును. అయిదవ మెట్టు ఉపయోగము ఇదియే.

ఇక మూడెకరములకు రెండేసి అంగుళముల నీరు పెట్టవలెనన్న ఎంతసేపు పట్టును? ఒక క్యూసెక్కు నీరు గంటసేపు పారిన 3,600 ఘనపుటడుగులగును. ఎకరపుటంగుళము 3,630 గదా. కావున ఒక క్యూసెక్కు ఒక గంట పారిన ఒక ఎకరమున ఒక అంగుళము నిలుచునని సులువుగా జ్ఞాపకముంచుకొనవచ్చును. మూడెకరములకు రెండంగుళములు అనగా 6 ఎకరపుటంగుళములు. 6 ÷ 1.8 = 3.33, అనగా 3 గంటల 20 నిమిషములు. నేల బీటలువారి ఉన్నను, బోదెలో ఎలుక బొరియలున్నను ఇంతకన్న ఎక్కువ పట్టును.

ఈ లెక్క వంతుల తగవులు తీర్చు గ్రామాధికారులకు మిక్కిలి అవసరము. శివారున ఒక రైతుకు 6 గంటల వంతు, మరియొకరికి 4 గంటల వంతు వచ్చినదనుకొందము. మొదటివాని బోదెలో ఒక క్యూసెక్కు, రెండవవాని బోదెలో 1.8 క్యూసెక్కులు పారినచో, మొదటివానికి 6, రెండవవానికి 7.2 ఎకరపుటంగుళములు ముట్టినవి. తక్కువ గంటలు వచ్చినవానికే ఎక్కువ నీరు చేరినది! గంటలు మాత్రమే చూచి చేసిన పంపకము న్యాయమైనదని చెప్పలేము. ఒక కొబ్బరి డిప్ప, ఒక గడియారము ఉన్నచో మాటామాటా పెరుగకముందే తగవు తీరును.

రెండవ లెక్క: నీరు గట్టును ఎంత బలముతో నెట్టును?

వన్ టౌను నుండి ఇంద్రకీలాద్రి క్రిందుగా నడచినచో ప్రకాశం బ్యారేజి వచ్చును. ఇచ్చట కృష్ణకు మొదటి ఆనకట్ట 1855లో పూర్తియైనది. అది 1952లో తెగిన తరువాత 1954లో బ్యారేజి పని ఆరంభమై 1957లో ముగిసినది. దీనికి 40 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు గల తలుపులు 70 కలవు. ఇచ్చటినుండి తూర్పు వైపున బయలుదేరిన నీరే విజయవాడలో ఏలూరు, రైవస్, బందరు కాలువలుగా చీలి పొలములకు పోవుచున్నది.

నిండుగా నీరు నిలిచినప్పుడు అట్టి తలుపు ఒక్కదానిపై ఎంత బలము పడును? నీటి ఒత్తిడి లోతును బట్టి పెరుగును. పైన సున్న, ఒక మీటరు లోతున చదరపు మీటరుకు ఒక టన్ను, రెండు మీటర్ల లోతున రెండు టన్నులు. కావున సగము లోతున ఉన్న ఒత్తిడిని సగటుగా తీసికొనవలెను.

సూత్రము: బలము = వైశాల్యము × సగము లోతు. కొలతలు మీటర్లలో వేసినచో జవాబు టన్నులలో వచ్చును.

తలుపు వెడల్పు 12.2 మీటర్లు, ఎత్తు 3.66 మీటర్లు, వైశాల్యము సుమారు 44.7 చదరపు మీటర్లు. సగము లోతు 1.83 మీటర్లు. బలము = 44.7 × 1.83 = సుమారు 82 టన్నులు.

ఇదే సూత్రమును చెరువు గట్టునకు వర్తింపజేయుదము. గట్టు పొడవులో ఒక్క మీటరు మేర చూచినచో, బలము = లోతు × లోతు ÷ 2.

లోతు 1 మీటరైన, బలము అర టన్ను.
లోతు 1.5 మీటర్లయిన, బలము 1.125 టన్నులు.
లోతు 2 మీటర్లయిన, బలము 2 టన్నులు.

లోతు రెట్టింపైనచో బలము నాలుగు రెట్లయినది. వరదలో నీరు మీటరున్నర నుండి రెండు మీటర్లకు లేచినచో లోతు మూడవవంతు పెరిగినట్లు కనబడును గాని, గట్టుపై బలము ఇంచుమించు ఒకటిన్నర రెట్లను మించి, ఒకటిముప్పాతిక రెట్లగును. "ఇంకొక అడుగే గదా" అని ఊరకుండుట ప్రమాదకరమని దీనివలన తెలియుచున్నది. చెరువు పదెకరములైనను, ఒక ఎకరమైనను, లోతు సమానమైనచో గట్టులో ప్రతి మీటరుపై పడు బలము సమానమే. కనుక చిన్న చేపల చెరువే గదా అని గట్టును పలుచగా వేయరాదు.

బలము అడుగున హెచ్చుగా ఉండును గనుక గట్టు అడుగున వెడల్పుగా ఉండవలెను. ఎండ్రకాయ బొరియ, ఎలుక కన్నము గట్టు పైభాగమున ఉన్నదానికన్న అడుగున ఉన్నది అపాయకరము. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ మొదలగు ప్రాంతములు మునిగిన సంగతి అందరు ఎరిగినదే. వర్షాకాలమునకు ముందే గట్టు అడుగున ఊటలు, కన్నములు వెదకి, బంకమన్నుతో దట్టించి మూయుట గ్రామము వారందరి పని.

మూడవ లెక్క: తూకము నిలుపు బరువు

సూత్రము: ఒకవైపు బరువు × దాని చేయి = రెండవవైపు బరువు × దాని చేయి. ఆనుడు చోటి నుండి బరువు వరకుగల దూరమునే ఇచ్చట చేయి అనుచున్నాము.

మన పెద్దలు ఈ సూత్రమును వ్రాయకయే ఏతములో వాడినారు. ఏతపు బాన ఖాళీగా 5 కిలోలు, అందు పట్టు నీరు 25 కిలోలు, చేయి 3 మీటర్లు అనుకొందము. మొదలు వైపు ఒక మీటరు దూరమున రాయి కట్టవలెను. ఎంత రాయి?

నిండు బానకు సరితూగవలెనన్న 30 × 3 = 90 కిలోల రాయి కావలెను. కాని అప్పుడు ఖాళీ బానను నూతిలోనికి దింపుటకు 25 కిలోల బలముతో క్రిందికి లాగవలసి వచ్చును. ఏ రాయియు లేనిచో నిండు బానను 30 కిలోల బలముతో పైకెత్తవలెను. తెలివైన మార్గము మధ్యస్థమైనది. ఖాళీ బానకు, సగము నీటికి సరితూగునట్లు కట్టవలెను: 5 + 12.5 = 17.5 కిలోలు, 17.5 × 3 = 52.5 కిలోల రాయి. ఇప్పుడు దింపునపుడు 12.5, ఎత్తునపుడు 12.5 కిలోల బలము చాలును. వాసము బరువును, రాపిడిని ఈ లెక్కలో విడిచినాము.

బ్యారేజి తలుపులకు వ్రేలాడు పెద్ద దిమ్మెలు చేయు పనియు ఇటువంటిదే. తలుపు బరువును అవి చాలవరకు మోయుటచే, మిగిలిన బరువును రాపిడిని మాత్రమే యంత్రము ఎత్తును. 2024 సెప్టెంబరు 1న వరదలో కొట్టుకొని వచ్చిన పడవలు తాకి అట్టి దిమ్మెలు కొన్ని దెబ్బతిన్నవి; తరువాత వానికి బదులు క్రొత్తవి అమర్చిరి. తూకపు బరువు పోయినచో తలుపును ఎత్తు భారమంతయు యంత్రముపై పడును గనుకనే వానిని వెంటనే బాగుచేయవలసి వచ్చినది.

ఒక సంగతి మరువరాదు. రాయి కట్టుటచే నీరు ఊరక పైకి రాలేదు. ఎత్తునప్పటి శ్రమలో సగము దింపునప్పుడు పడుచున్నాము, అంతే. మొత్తము పని తగ్గదు. ఈ మాటయే నాలుగవ లెక్కకు పునాది.

నాలుగవ లెక్క: ఏ ఇంజను కొనవలెను?

సూత్రము: పని = నీటి బరువు × ఎత్తు.

సెకండుకు 75 కిలోల బరువును ఒక మీటరు ఎత్తు శక్తిని ఒక అశ్వశక్తి, అనగా ఒక హార్సు పవరు అందురు. పంపు తనకిచ్చిన శక్తినంతయు నీటికి అందీయజాలదు. సుడులు, రాపిడి, కారుటలవలన కొంత పోవును. పొలములోని సామాన్యపు పంపు సగమే అందించునని లెక్క వేయుట క్షేమము.

కావున, కావలసిన అశ్వశక్తి = సెకండుకు లీటర్లు × ఎత్తు మీటర్లలో ÷ 75, వచ్చినదానికి రెట్టింపు.

మన రైతు లెక్క చూతము. రెండెకరములకు రెండేసి అంగుళములు, అనగా 4 ఎకరపుటంగుళములు కావలెను. 4 × 1,02,800 = 4,11,200 లీటర్లు. మురుగు కాలువ నీటి మట్టము నుండి గొట్టము కొస వరకు 3 మీటర్లు. గొట్టములోని రాపిడికి మరియొక మీటరు. మొత్తము 4 మీటర్లు. ఇంజను 4 గంటలు ఆడించుటకు వీలున్నది. 4 గంటలు 14,400 సెకండ్లు.

సెకండుకు నీరు = 4,11,200 ÷ 14,400 = 28.6 లీటర్లు.
నీటికి అందవలసిన శక్తి = 28.6 × 4 ÷ 75 = 1.53 అశ్వశక్తి.
పంపునకు ఈయవలసినది = 1.53 × 2 = సుమారు 3.1 అశ్వశక్తి.

మూడు హార్సు పవరు ఇంజనైనచో అంచున ఉండును, అయిదైనచో నిశ్చింతగా నడచును, పది అనవసరము. ఇదియే దుకాణములో వినిపించిన మూడు మాటలకు తీర్పు.

పెద్ద ఇంజను కొన్నచో డీజిలు ఆదా అగునా? కాదు. పని నీటి బరువును, ఎత్తును బట్టి ఉండును గాని ఇంజను పరిమాణమును బట్టి ఉండదు. పెద్ద ఇంజను అదే పనిని త్వరగా ముగించును. గంటకు అంత ఎక్కువ డీజిలు త్రాగును. పై లెక్కలో 3.06 అశ్వశక్తి చొప్పున 4 గంటలు, అనగా సుమారు 12.2 అశ్వశక్తి-గంటల పని ఉన్నది. చిన్న డీజిలు ఇంజనుకు అశ్వశక్తి-గంటకు సుమారు పావు లీటరు పట్టును. ఒక తడికి సుమారు 3 లీటర్లన్న మాట.

డీజిలు తగ్గవలెనన్న ఎత్తు తగ్గవలెను. చాలమంది గొట్టపు కొసను గట్టుకన్న ఒక మీటరు పైకి లేపి నీటిని దూకించుదురు. చూచుటకు ధార అందముగా ఉండును. కాని 4 మీటర్లు కావలసినచోట 5 మీటర్లు ఎత్తుచున్నాము. పని నాలుగవవంతు పెరిగినది. 3 లీటర్లు 3.75 లీటర్లయినవి. పది తడులకు ఏడున్నర లీటర్లు వృథా! నేటి డీజిలు ధరతో హెచ్చవేసి చూచుకొన్నచో, ఒక వంపు గొట్టము ముక్క వేసి కొసను బోదెలోనికి దించుట ఎంత లాభమో తెలియగలదు.

పంపు కొనునపుడు రేకుమీద వ్రాసిన ఎత్తును, లీటర్లను చదువవలెను. 20 మీటర్ల ఎత్తునకు తయారైన పంపును 4 మీటర్ల ఎత్తునకు పెట్టినచో అది సగము శక్తినైనను నీటికి అందీయకపోవచ్చును. డెల్టా భూములకు తక్కువ ఎత్తునకు ఎక్కువ నీరు పోయు పంపు కావలెను.

మరియొక జాగ్రత్త. పంపు నీటిని లాగునని అనుకొందుము. నిజమునకు పంపు తన లోపల గాలిని తగ్గించును. వెలుపలి గాలి ఒత్తిడి నీటిని పైకి నెట్టును. ఆ ఒత్తిడి 10.3 మీటర్ల నీటికి మాత్రమే సరిపోవును. ఆచరణలో 6 మీటర్లకు మించి పంపును నీటిపైన ఎత్తుగా ఉంచకుండుట మంచిది. మెట్ట ప్రాంతపు బావులలో నీరు దిగిపోయినపుడు ఎంత పెద్ద ఇంజను పెట్టినను పైనుండి నీరు అందకపోవుటకు కారణమిదే. పంపును క్రిందికి దింపవలెను గాని ఇంజనును మార్చి ప్రయోజనము లేదు.

చిన్న పొలమునకును, పెద్ద పథకమునకును సూత్రమొక్కటే. 2015లో ఆరంభమైన పట్టిసీమ ఎత్తిపోతలలో 24 పంపులు కలసి 8,500 క్యూసెక్కుల గోదావరి నీటిని తోడునట్లు ఏర్పాటు చేసిరి. ఆ నీరు బ్యారేజి ఎగువన కృష్ణలో చేరును. ఒక్కొక్క పంపు వంతు సెకండుకు సుమారు 10,000 లీటర్లు. దానిని ఒక్క మీటరు ఎత్తుటకే నీటికి 133 అశ్వశక్తి అందవలెను. కాలువ శివారున పారు నీటికి ఎంత విలువ ఉన్నదో ఈ అంకె చెప్పును.

సాధనకు లెక్కలు

1. బోదె వెడల్పు 3 అడుగులు, లోతు 6 అంగుళములు. డిప్ప 40 అడుగులు పోవుటకు 32 సెకండ్లు పట్టినది. నాలుగున్నర ఎకరములకు ఒక అంగుళము నీరు పెట్టుటకు ఎంతసేపు పట్టును?
2. చేపల చెరువులో నీటి లోతును 1 మీటరు నుండి 1.5 మీటర్లకు పెంచినారు. గట్టుపై బలము ఎన్ని రెట్లయినది?
3. గునపముతో 200 కిలోల రాతిని కదలింపవలెను. రాతివైపు చేయి 15 సెంటీమీటర్లు, మనిషివైపు చేయి 120 సెంటీమీటర్లు. ఎంత బలము కావలెను?
4. సెకండుకు 20 లీటర్ల నీటిని 3 మీటర్లు ఎత్తవలెను. పంపు సగము శక్తి అందించును. ఎంత అశ్వశక్తి కావలెను?

జవాబులు: 1. నీరు 1.5 క్యూసెక్కులు; 3 గంటలు. 2. రెండుంబావు రెట్లు. 3. 25 కిలోలు. 4. 1.6 అశ్వశక్తి.

రైతు సోదరులు ఇంజను కొనుటకు విజయవాడ బయలుదేరుటకు ముందు రోజుననే పొలములో తాడు పట్టి ఎత్తు కొలిచి, కావలసిన నీటిని, వీలైన గంటలను ఒక చీటిపై వ్రాసికొని జేబులో పెట్టుకొనవలెను. "ఎన్ని హార్సు పవరు?" అని దుకాణదారుడు అడిగినప్పుడు ఆ చీటి చూపినచో బేరము సరియైన చోటనుండి మొదలగును. గ్రామాధికారులు ఈ లెక్కలను రైతుల సమావేశములలో బోదె ఒడ్డుననే చేసి చూపుట మంచిది. ఇంటిలో చదువుకొను పిల్లలు ఉన్నచో వారిచేత లెక్క కట్టించుడు. బడిలో నేర్చిన సూత్రము పొలములో పనికి వచ్చునని వారికిని తెలియును.